ఒంటికాలి దొంగ

ఫిబ్రవరి 9

ఎమెన్సియా సిస్టరు నా వేలు పొడిచి రక్తం తీసింది. మీటరు చూసింది, నా మొహం చూసింది, మళ్ళీ మీటరు చూసింది.

"బాబాయ్, ఇది రక్తం కాదు, పానకం" అంది.

నవ్వించడానికి అన్నదో భయపెట్టడానికి అన్నదో తెలియలేదు. ఆ తరవాత అసలు సంగతి మొదలుపెట్టింది. డబ్బా మాంసం మానాలట. టర్కీ కోడి తోకలు మానాలట. అన్నం తగ్గించాలట. పొద్దున్నే కొండెక్కి మట్టిపని చెయ్యాలట. రోజూ పడుకోబోయే ముందు పాదాలు తిరగేసి చూసుకోవాలట. లేకపోతే కొలోనియా ఆసుపత్రిలో కాలు తీసేస్తారని, వంకాయ తొడిమ తీసినంత తేలిగ్గా చెప్పింది.

ఈవిడ మరిది పారలూ గునపాలూ అమ్ముతాడు. ఊరికే ఎవరూ ఎవరికీ మంచి చెప్పరు.

ఫిబ్రవరి 12

పార కొన్నాను. వేరే కొట్లో కొన్నాను.

ఫిబ్రవరి 20

నాన్న పోయాక కొండమీద తోటలోకి నేను వెళ్ళనేలేదు. ఓడరేవు ఆఫీసులో ఒక కుర్చీ, ఇంట్లో ఒక కుర్చీ, మధ్యలో కారు. ఇన్నాళ్ళూ అంతే. రిటైరయ్యాక ఒక కుర్చీ తగ్గింది. ఇవాళ మా ఆవిడ పెల్సీనా దాదాపు మెడపట్టి పంపింది. దారి పూడిపోయింది. దారిలో ఎన్నిసార్లు కూలబడ్డానో రాసుకోవడానికి సిగ్గుగా ఉంది.

నాన్న వేసిన పెండలం తీగ ఒకటి అడవిదానిలా తనంతట తను బతుకుతోంది. దాని దుంప తల కోసి, పాత సీమపనస చెట్టు మొదట్లో లోతుగా గొయ్యి తవ్వి, ఎండాకులూ మెత్తమట్టీ నింపి పాతిపెట్టాను. చేతులు బొబ్బలెక్కాయి.

ఎందుకు పాతానో ఇక్కడ రాసుకోవచ్చు. సిస్టరు కోసం కాదు. నవంబరులో మా ఏలిక నాన్‌మ్వార్కి దొరగారు మా వాడ విందుకి వస్తారు. ప్రతి ఇంటి మగవాడూ తను పెంచిన పెండలాన్ని దొరగారి ముందు పెట్టాలి. నేను ఏటా బియ్యం బస్తాలు పెడతాను. ఎదురుగా ఉన్నంతసేపూ అందరూ "బాగుంది, బాగుంది" అంటారు. నేను తిరిగితే చాలు "బస్తాల యోస్తర్" అంటారు. పోయినేడు మా బావ లుద్విక్ పెండలాన్ని వాసానికి కట్టి నలుగురు మోశారు. లుద్విక్ అంటే పెల్సీనా అన్న. నా బస్తాని నేనే మోసుకున్నాను. విందు మొత్తానికి మోసేవాళ్ళు దొరకనివాణ్ణి నేనొక్కణ్ణే. ఈసారి అలా జరగడానికి వీల్లేదు.

మార్చి 6

మొలిచింది. ఊదారంగు మొలక, నా బొటనవేలంత.

"ఏమయ్యో, నీలో నువ్వే నవ్వుకుంటున్నావేంటి?" అంది పెల్సీనా.

"నవ్వడంలేదు. కళ్ళల్లో ఎండ పడింది."

బయట ధారగా వాన కురుస్తోంది. మా ఇద్దరికీ వినబడుతూనే ఉంది. ఆవిడ ఇంకేమీ అడగలేదు. ఎందుకు అడగలేదో ఆలోచించాలి.

మార్చి 23

మా దీవిలో పక్కవాడి పెట్టె తెరిస్తే తిట్టి ఊరుకుంటారు. పక్కవాడి పెండలం తీగవైపు కన్నెత్తి చూస్తే మాత్రం ఆ చూసినవాడి పేరు మనవల దాకా చెప్పుకుని నవ్వుతారు. అడగకూడదు, చూడకూడదు, చూసినా చూశానని అనకూడదు. తవ్వి విందులో పెట్టేదాకా ఎవడి దుంప వాడికే తెలియాలి. నడక నేర్పకముందే చూపు తిప్పుకోవడం నేర్పుతారు మాకు.

లుద్విక్ తోట ఏటికి అవతల ఉంది. తన దారి నా తోట అంచు మీదుగానే పోతుంది. ఇవాళ ఎదురుపడ్డాడు. ఎప్పట్లాగే చెప్పుల్లేకుండా, భుజాన కత్తితో.

"ఏం బావా, కొండగాలి పడుతున్నట్టుందే?"

"నర్సమ్మ తిరగమంది."

"తిరుగు, తిరుగు. ఈ దారి పందులు కూడా మర్చిపోయాయి. నీ పుణ్యమా అని బాగుపడుతుంది" అని, నా తోటకి ఎదురువైపు ఆకాశంకేసి మెడ తిప్పుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

మెడ అంత కష్టపడి తిప్పాడంటే చూడవలసింది ఇక్కడ ఏదో ఉందని తెలిసే కదా. పెండలం మాట ఒక్కటీ ఎత్తలేదు. ఎత్తకూడదు, నిజమే. కానీ ఎత్తకూడదని తనకి అంత బాగా గుర్తుండటం ఏమిటి?

ఏప్రిల్ 11

ఇప్పుడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళుతున్నాను. కాపలాకి. మందార నారతో తాడు పేని తీగని చెట్టుకొమ్మ దాకా ఎక్కించాను. రోజూ పొద్దున చూసేసరికి ఇంకో చుట్టు చుట్టుకుని ఉంటుంది. ఎదురుగా కూర్చుని చూస్తే మాత్రం కదలదు. ఎవరికీ కనబడకుండా పెరగడం దానికీ తెలుసు.

లకుముకి పిట్ట ఒకటి పైకొమ్మ మీద కూర్చుని నన్ను చూస్తూ ఉంటుంది. నేను లేచినప్పుడల్లా అరుస్తుంది. నేను వెళ్ళిపోతున్న సంగతి ఎవరికో చెబుతున్నట్టే ఉంటుంది. దాన్నీ నమ్మను.

కొండమీదనుంచి వాన ముందుగా పై ఆకుల మీద వినబడుతుంది. తరవాత చల్లగాలి. ఆ తరవాత ఎర్రచీమలు కాండం మీదనుంచి ఒక్కసారిగా మాయమౌతాయి. అప్పుడు లేచి అరటాకు కోసుకుంటే తడవకుండా ఉండొచ్చు. ఇదంతా కాపలాలో పనికొస్తుందని నేర్చుకున్నాను, అంతే.

కొట్టుకి వెళ్ళే తీరిక దొరకడంలేదు. అక్కడే నిప్పులు చేసి సీమపనస కాల్చుకుని కొబ్బరితో తినేస్తున్నాను. బెల్టు వదులైంది. పెల్సీనా నాసిరకం బెల్టు కొన్నట్టుంది.

మే 3

అడుగు.

పెండలం మట్టి పక్కనే, తడినేల మీద, చెప్పులేని కుడిపాదం. అయిదు వేళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. నా చెప్పుల గుర్తులు కాక ఇంకేమీ ఉండకూడని చోట ఉంది.

చేత్తో చెరిపేశాను. తరవాత చెరపకుండా ఉండాల్సింది అనిపించింది.

మే 4

ఎంత వెతికినా ఎడమపాదం గుర్తు లేదు. రెండు చోట్ల కుడిపాదమే ఉంది. మనిషి ఒంటికాలితో ఎలా వస్తాడు? రాళ్ళమీద ఎడమకాలు పెట్టుకుంటూ, తప్పనిచోట మాత్రం కుడికాలు దింపుకుంటూ వచ్చి ఉండాలి. అంత ఉపాయం ఉన్నవాడు, చెప్పుల్లేకుండా తిరిగేవాడు, ఈ వాడలో ఒక్కడే ఉన్నాడు.

మే 19

నిన్న సాయంత్రం ఇంటికి రాగానే పెల్సీనా నా కాళ్ళకేసి చూసింది. "రెండో చెప్పేదయ్యా?"

చూసుకున్నాను. కుడికాలికి లేదు. "బురద లాగేసింది" అన్నాను.

"లాగేస్తే తీసుకోవచ్చుగా?"

"తీరిక లేదు."

నిజం ఏమిటంటే ఎక్కడ పోయిందో నాకు తెలియదు. పొద్దున వెళ్ళి చూస్తే తోట దాటాక దారిమధ్యలో, ఎవరో జాగ్రత్తగా విడిచినట్టు నిటారుగా ఉంది. కాలినుంచి చెప్పు ఊడిపోతే మనిషికి తెలియకుండా ఉంటుందా? ఉండదు. అంటే నేను చెట్టుకి ఆనుకుని కూర్చున్నప్పుడు ఎవరో మెల్లగా లాగి, తీసుకెళ్ళి అక్కడ పెట్టారు. ఇది దొంగతనం కాదు, వెక్కిరింత. బస్తాల యోస్తర్‌కి చెప్పు కాపాడుకోవడం కూడా చేతకాదని చెప్పడం.

మే 20

చెప్పు తొడుక్కున్నప్పుడు లోపల చిన్న రాయి ఉందట. సాయంత్రం పెల్సీనా దులిపితే పడింది. పొద్దుటినుంచీ తిరుగుతూనే ఉన్నాను. చిన్నరాయే.

జూన్ 8

సిస్టరు మీటరు చూసి కళ్ళద్దాలు తుడుచుకుంది. ఇంకో వేలు పొడిచింది.

"బాబాయ్! ఏం చేస్తున్నావ్ నువ్వు?"

"ఏమీ చెయ్యడంలేదే."

"సగానికి పైన దిగింది. నిద్ర పడుతోందా?"

పడుతోంది. ఈ మధ్య పక్కమీద వాలితే తెల్లారిపోతోంది. ఆ మాట ఆవిడకి చెప్పలేదు. చెబితే ఇంకేదో అడుగుతుంది.

"పాదాలు రోజూ చూసుకుంటున్నావా?"

"రోజూ."

"ఏదీ, ఒకసారి పైకి పెట్టు."

"మట్టితో ఉన్నాయమ్మా. ఈసారి కడుక్కుని వస్తాను" అని లేచి వచ్చేశాను. ఆఫీసులో ఇన్నేళ్ళు చేసినవాణ్ణి, ఎక్కడ లేవాలో నాకు తెలుసు. పాదం చూపించమనడం ఏమిటి! ముందు పాదం అంటారు, ఆ తరవాత చెయ్యి, ఆ తరవాత కొలోనియా. నా ఒళ్ళు నా ఇష్టం.

జూలై 2

మళ్ళీ అదే అడుగు. అదే కుడిపాదం. ఈసారి దుంపకి ఇంకా దగ్గరగా ఉంది.

జూలై 14

నిన్న రాత్రి లుద్విక్ ఇంట్లో సకావు తాగే కూటమి. ఆ మొక్క వేళ్ళు దంచుతున్న రాతి చప్పుడుకే వాడంతా చేరింది. మందార నారలో పిండిన రసం మొదటి చిప్ప నాకే ఇచ్చాడు. బావననే మర్యాదా, లేక తప్పు చేసినవాడి మర్యాదా? తాగాను. నాలుక మొద్దుబారింది, మాట మాత్రం మొద్దుబారలేదు.

"కొందరికి కుడికాలు మహా చురుకు" అన్నాను, ఎవరివైపూ చూడకుండా. "ఏటికి ఇవతల కూడా దారి వెతుక్కుంటుంది."

దంచేవాళ్ళ చేతులు ఆగాయి. లుద్విక్ చిప్పని చేతిలో తిప్పాడు.

"బావా, నువ్వన్నది నాకు వినబడలేదు" అన్నాడు. "సకావు మీద కదా. రేపు పొద్దున కూడా నీకు ఇదే అనాలనిపిస్తే మా గుమ్మం దాకా వచ్చి అను."

పొద్దున వెళ్ళలేదు. ఆధారం లేదు కదా. అయినా తను చిప్ప తాగకుండా తిప్పుతూ కూర్చున్నాడు, నేను చూశాను. కోపంతోనా, భయంతోనా అన్నది ఇంకా తేలలేదు.

జూలై 15

పెల్సీనా నాతో మాట్లాడటంలేదు. వాళ్ళ అన్నని అంటే ఎవరైనా మాట్లాడరు. లేదా ఈవిడకి ముందే అంతా తెలిసి ఉండాలి.

ఆగస్టు 17

ఇవాళ కాపలా కాయడం మర్చిపోయాను.

మధ్యాహ్నం వెళ్ళి చెట్టుకి ఆనుకున్నాను. వాన అప్పుడే వెలిసింది. ఆకులమీదనుంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక్కో ఆకుదీ ఒక్కో చప్పుడు. మట్టినుంచి నాన్న చొక్కా వాసన వచ్చింది. ఒక పచ్చబల్లి నా మోకాలు ఎక్కి, నేనూ చెట్టేననుకుందో ఏమో, అక్కడే నిద్రపోయింది. దాని కడుపు ఎగిసిపడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎర్రచిలకలు రెండు కొబ్బరి పూతలో తగువులాడుకుని, రాజీపడి, మళ్ళీ తగువులాడుకున్నాయి. ఆఫీసులో నేను ఎన్ని ఓడలు రావడం, పోవడం రాశానో కానీ, ఒక్క ఓడనీ ఇంతసేపు చూడలేదు. సంతోషంగా ఉంది. ఎందుకో తెలియకుండానే సంతోషంగా ఉంది. ఏ దుంపా లేకపోయినా రేపు కూడా ఇక్కడికే రావాలనిపించింది.

చీకటి పడుతుంటే తెలివొచ్చింది. అంతసేపు కళ్ళు అప్పగించేసి కూర్చున్నాను! ఆ సమయంలో ఎవరైనా వెనకనుంచి వచ్చి మట్టి తోడి, దుంప మూరలు లెక్కపెట్టుకుని పోయినా తెలిసేది కాదు. ఇలాంటి మనిషిని కాపలా పెట్టినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

సెప్టెంబరు 4

మళ్ళీ అడుగు. చెప్పు మళ్ళీ పోయింది. ఈసారి నేను చేతులు కడుక్కునే ఏటిగట్టున దొరికింది. లుద్విక్ తోటవైపు! ఇంకా ఏం ఆధారం కావాలి?

సెప్టెంబరు 10

పని చేసి వచ్చాను. ఇంటివెనక పోగుపడిన బీరుసీసాలు రాతితో పగలగొట్టి, ముక్కల్ని చెట్టుచుట్టూ మట్టిలో మొనలు పైకి ఉండేట్టు గుచ్చి, మీద ఎండాకులు పరిచాను. ఒక్కచోట మాత్రం నేను దాటడానికి సందు వదిలాను. అది నాకొక్కడికే తెలుసు. చెప్పులున్నవాడికి ఏమీ కాదు. చెప్పుల్లేనివాడు కుంటుతాడు. ఎవడు కుంటితే వాడే.

పెల్సీనాకి చెప్పలేదు.

సెప్టెంబరు 13

రాత్రంతా గాలివాన. తీగ నిలిచింది. ఆకులన్నీ కొట్టుకుపోతే మళ్ళీ పరిచాను. నా సందు ఎక్కడో ఒక్క క్షణం తడుముకున్నాను, దొరికింది.

సెప్టెంబరు 14

దొరికాడు!

ఆకులమీద రక్తం. ఒకచోట కాదు, దారి పొడుగునా చుక్కలు చుక్కలుగా ఉంది. పక్కన అదే కుడిపాదం, ఈసారి ఎర్రగా. ఏటివైపు వెళ్ళిందో ఇంటివైపు వచ్చిందో వానలో పోల్చుకోలేకపోయాను. ఎటువైపు అయితేనేం. ఎగిరి గంతేయాలనిపించింది. వచ్చేటప్పుడు ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడితే పాట వచ్చేసేలా ఉంది.

మా గడప మీద కూడా రక్తం ఉందని పెల్సీనా కడిగింది. కుక్క దేన్నో కొరికి తెచ్చినట్టుంది అన్నాను. మా కుక్క ముసలిది, పళ్ళు లేవు. అయినా అన్నాను.

సెప్టెంబరు 15

జ్వరంగా ఉంది. ఉత్సాహం వల్ల కావచ్చు.

సెప్టెంబరు 16, ఆసుపత్రి

రాయగలిగినంత రాస్తాను.

నిన్న ఆదివారం, చర్చి అయ్యాక విందుశాలలో అందరం చేరాం. చెప్పులు కింద విడిచి అరుగెక్కి చాపలమీద కూర్చున్నాం. లుద్విక్ నాకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. కుంటుతూ వచ్చాడా లేదా అన్నది రద్దీలో నాకు కనబడలేదు. జ్వరానికి చెవులు హోరెత్తుతున్నాయి. ఇక ఆగలేకపోయాను.

"బావా, నీ పాదం ఒకసారి పైకెత్తి చూపిస్తావా?" అన్నాను, అందరికీ వినబడేట్టు.

"ఎందుకూ?"

"నా తోటలో పారేసుకున్నదేదో దానికి గుచ్చుకుని ఉండాలి."

మా వాళ్ళల్లో ఆ మాట అనిపించుకోవడం కన్నా చెంపదెబ్బ నయం. లుద్విక్ మొహం నల్లబడింది. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. వెనక్కి చేతులు ఆనించి, చిన్నపిల్లాడిలా రెండు కాళ్ళూ పైకెత్తి అందరికీ చూపించాడు. పగుళ్ళు, పాతమట్టి, అంతే. గీత కూడా లేదు.

"చూశావా బావా?" అన్నాడు. గొంతులో తడి ఉంది. "తనివితీరా చూడు. అందరూ చూడండి."

ఎడమకాలు కూడా చూశాను. వేళ్ళసందులు కూడా చూశాను.

అప్పుడు తన కళ్ళు నా ఒడిలోకి దిగాయి. మొహంలో కోపం కాస్తా పోయింది. "బావా" అన్నాడు మెల్లగా, "మరి ఆ రక్తం ఎవరిది?"

నేను కూర్చున్న చాప తడిసి ఉంది. అరుగు మెట్లమీదనుంచి నా చాప దాకా ఒక్కో అడుగూ ఎర్రగా పడి ఉంది. కుడిపాదమే. ఎత్తి చూసుకున్నాను. ఎన్నాళ్ళ తరవాత చూసుకున్నానో. అరికాల్లో ఆకుపచ్చ గాజుముక్క మొన కనబడుతోంది, చుట్టూ నల్లగా వాచి ఉంది. వేలితో నొక్కాను. నాకేమీ తెలియలేదు. ఇంకొకరి కాలు నొక్కినట్టు ఉంది.

ఆ కాల్లో గాజుతో రెండురోజులు తిరిగాను. ఆ కాలికి చెప్పు ఊడితే తెలియలేదు. తోటలో ఆ అడుగులన్నీ నావే. దొంగ లేడు.

పెల్సీనా నా కాలు చేతుల్లోకి తీసుకుంది. "గాజు ఎక్కడిది?" అంది. చెప్పాను. "ఆ దారిన పిల్లలు చిలకజామ పళ్ళకి వెళతారు తెలుసా నీకు" అంది. కారుదాకా నన్ను ఎత్తుకెళ్ళింది లుద్వికే.

సెప్టెంబరు 19

కాలివేళ్ళు రెండు తీసేశారు. చూడలేదు.

సెప్టెంబరు 25

ఎమెన్సియా సిస్టరు సెలవురోజున బస్సెక్కి వచ్చింది. కట్టు విప్పించి మరీ చూసింది. ఈసారి లేచి వెళ్ళడానికి నాకు కాలు కదలదు.

"తిట్టాలని వచ్చాను" అంది. "డాక్టరు చెప్పింది విని తిట్టలేకపోతున్నా. ఫిబ్రవరిలో ఇదే ముక్క గుచ్చుకుని ఉంటే మోకాలిదాకా పోయేదట. ఆ పానకానికి ఏ పుండూ మానదు. ఇప్పుడు మానుతోంది. నిజం చెప్పు బాబాయ్, ఈ ఏడంతా ఏం చేశావు?"

"కాపలా కాశాను."

"దేనికి?"

ఆవిడకి ఏం చెప్పను? లేని దొంగ కోసం రోజుకి మూడుసార్లు కొండెక్కి దిగాను. ఆ దొంగే లేకపోతే నేను కుర్చీలోంచి కదిలేవాణ్ణి కాదు. నా అనుమానం నా కాలు కోసింది, నా అనుమానమే నా కాలు నిలిపింది. ఇందులో దేనికి దండం పెట్టాలో తెలియడంలేదు. సిస్టరు ఇంతదూరం ఊరికే వచ్చిందని మాత్రం ఒప్పుకుంటున్నాను. గునపాలు అమ్మడానికి రాలేదు.

అక్టోబరు 2

ఇక్కడ కిటికీ పక్కన ఏసీ పెట్టె ఉంది. వాన వచ్చిందని అద్దం తడిస్తే తప్ప తెలియదు. తోట కావాలనిపిస్తోంది. దుంప కాదు, తోట.

అక్టోబరు 20

ఇల్లు. కట్టు తడవకూడదట, మట్టి తగలకూడదట. తోట పైన ఉంది, నేను కింద ఉన్నాను. పెల్సీనా వెళ్ళి గాజుముక్కలన్నీ ఏరి బకెట్లో తెచ్చింది. ఒక్కో ముక్కా నా ముందే డబ్బాలో వేసింది. తోటలో ఎలా ఉందని అడగబోయి ఊరుకున్నాను.

"నీ తీగ వంక చూడలేదులే" అంది తనే. "కళ్ళు నేలమీదే పెట్టుకున్నా. నువ్వు నాతో కూడా కుస్తీ పడతావని తెలుసు."

లుద్విక్ రాలేదు. విందుశాలలో నేనన్న మాట వాడంతటికీ తెలుసు. తను నన్ను మోసిన సంగతి కూడా తెలుసు. అందుకే నేను ఇంకా చిన్నవాణ్ణయ్యాను. పెల్సీనాకి ఉన్నది ఒక్క అన్న. నేను బాగుచెయ్యకపోతే ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య దారి పూడిపోతుంది.

నవంబరు 3

తప్పు ఒప్పుకోవడానికి మాకు ఒక్కటే పద్ధతి. సకావు మొక్కని వేళ్ళతో సహా పెకలించి ఎదుటివాడి గుమ్మంలో పెట్టాలి. దంచి పిండిన మొదటి చిప్ప వాడు పుచ్చుకుంటే సరే, లేకపోతే ఎత్తుకుని ఇంటికి రావాలి. నాన్న తోటలో మిగిలిన ఒక్క మొక్కనీ పెల్సీనా తవ్వింది. కారు కూడా తనే నడిపింది. నేను కర్రమీద దిగాను.

లుద్విక్ లోపలినుంచి చాలాసేపు రాలేదు. వచ్చి గుమ్మంలో నిలబడి మొక్కని చూశాడు, నన్ను చూశాడు.

"బావా, నిన్ను దొంగన్నాను" అన్నాను. "దొంగని నేను."

"నీ తోటలో నువ్వు దొంగవెలా అవుతావు, పిచ్చోడా" అన్నాడు. మొక్క వేళ్ళు అక్కడే దంచి పిండించాడు. నేనిచ్చిన చిప్ప అందుకోబోయి ఆగాడు. "ఉండు. తాగేముందు ఒక సంగతి తేలాలి. కుడికాలు పైకెత్తు. తనిఖీ చెయ్యాలి."

ఎత్తాను. కట్టుతో సహా. వాడు వంగి, కళ్ళు చిట్లించి, వేళ్ళు లెక్కపెట్టి, "రెండు తక్కువున్నాయి, వీటిని కూడా నేనే ఎత్తుకుపోయానని అంటావేమో" అన్నాడు. పెల్సీనా ముందు నవ్వింది. తరవాత ఏడ్చింది. వాడు చిప్ప పుచ్చుకుని తాగాడు.

నవంబరు 12

విందు దగ్గరకొచ్చింది. తీగ ఆకులు పసుపెక్కి ఉంటాయి. తవ్వే వేళ. నా కాలికి ఇంకా మట్టి తగలకూడదు. ఒక్కసారి చూసి రావాలనుందని లుద్విక్‌తో అన్నాను. చూసి రావాలని మాత్రమే అన్నాను.

"ఎక్కు" అని వంగి వీపు చూపించాడు.

"నేను బరువు బావా."

"ఫిబ్రవరిలో అయితే ఎక్కించుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు సగం మనిషివి."

ఇద్దరం అరవైకి దగ్గరపడ్డ మగాళ్ళం. దారంతా నా గడ్డం తన చెవికి తగులుతోందని తిట్టాడు. ఏటి దగ్గర జారి ఇద్దరం పడబోయాం. తోటలోకి వచ్చాక సీమపనస వేరుమీద నన్ను మెల్లగా దింపి, కట్టుకింద అరటాకు పరిచాడు. పై ఆకులు కదిలాయి. ఊపిరి పీల్చాను. మళ్ళీ అదే మట్టి వాసన. రెండు నెలలు దీనికోసమే బతికినట్టు అనిపించింది.

మట్టి ఉబ్బి, పగిలి ఉంది. పగుల్లోంచి దుంప భుజం కనబడుతోంది. అంత పెద్దది నేను అనుకోలేదు. ఎంతని ఇక్కడ కూడా రాయను. నలుగురు చాలరు.

అప్పుడు చూశాను. లుద్విక్ నాకు అవతల, చెట్టువైపు వీపు పెట్టి, కొండకేసి మొహం తిప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"బావా, ఇటు తిరుగు" అన్నాను. "చూడు. నేనే చూడమంటున్నాను. నాకేం అభ్యంతరం లేదు."

తిరగలేదు.

"ఏడాదంతా నువ్వు చూస్తున్నావని తిట్టుకున్నాను. ఇప్పుడైనా చూడవయ్యా. నువ్వు కాకపోతే ఇంకెవరు చూస్తారు?"

"నేను ఇప్పుడే చూసేస్తే ఎలా బావా?" అన్నాడు కొండకేసి చూస్తూనే. "విందురోజున నువ్వు దాన్ని దొరగారి ముందు పెడతావు. అప్పుడు నేను నోరు తెరుచుకుని ఆశ్చర్యపోవాలి. నా బావ పెంచాడని అందరిమీదా పడి చెప్పుకోవాలి. నాకు ఆ సంతోషం ఉంచవా?"

మా వాళ్ళు చూపు ఎందుకు తిప్పుకుంటారో యాభైతొమ్మిదేళ్ళు ఈ దీవిలో బతికి నాకు తెలియలేదు. కుళ్ళు దాచుకోవడానికని అనుకున్నాను.

నేను చాలాసేపు ఏడ్చాను. వాడికి వినబడింది. అయినా అటు తిరిగే కూర్చున్నాడు.